మెత్తని ఎర ఎందుకు తొందరగా పాడవుతుంది? సాఫ్ట్ ప్లాస్టిక్ ల్యూర్ల మన్నిక వెనక పదార్థం లెక్క

గాలంతో చేపలు పట్టేవాళ్ల మధ్య సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరల గురించి తిరిగే సలహాలు ఒకదానితో ఒకటి తగువులాడుకుంటాయి. వంకరపోయిన ఎరను వేడినీళ్లలో ముంచితే చక్కబడుతుందని ఒకరంటే, ముంచాకే పాడైందని ఇంకొకరంటారు. అరలున్న డబ్బాలో సర్దుకొమ్మని ఒక సలహా. అలా సర్దితే డబ్బా అడుగే జిగురుగా కరిగిపోయిందని దానికి జవాబు. చిరిగిన చోట సూపర్ గ్లూ చుక్క వేస్తే రోజంతా నిలిచిందని కొందరు, అతుకు పక్కనే మళ్లీ తెగిందని కొందరు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చేతిలో ఉన్న ఎర ఏ పదార్థంతో తయారైందో చెప్పకుండా చిట్కా ఒక్కటే చేతులు మారుతుండటం వల్ల వచ్చిన చిక్కు ఇది.

క్లుప్తంగా

సాఫ్ట్ ప్లాస్టిక్ అన్న ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు పదార్థాలు అమ్ముడవుతున్నాయి: పీవీసీ ప్లాస్టిసోల్, టీపీఈ అనే సాగే పదార్థం, నీటి ఆధారిత ఎరలు. ఒకదాన్ని కాపాడే పద్ధతి మరొకదాన్ని పాడుచేయగలదు. చేప నోట్లో పడి చిరిగేవి ఎన్నో, ముల్లు మీద జారి చిరిగేవీ, సంచిలో పక్కదానితో కలిసి పాడయ్యేవీ అంతకు తక్కువేమీ కాదు. మన్నిక పెంచాలంటే నష్టం చిరుగు వల్లా, రసాయనం వల్లా, ఆకారం చెడటం వల్లా అన్నది ముందు తేల్చుకోవాలి.

నూనెతో నిండిన వల

మార్కెట్లో ఉన్న ఎరల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ పీవీసీవే. పీవీసీ తనంతట తాను గట్టి పదార్థం. నీటి గొట్టాలు దానితోనే చేస్తారు. దాన్ని మెత్తబరిచే దారి దొరికింది 1926లో. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ నగరంలో బీ.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సెమన్, రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, ఎక్కువ వేడి దగ్గర మరిగే ద్రావకాల్లో పీవీసీని కాచి చూశాడు. జిగురు దొరకలేదు గాని, సాగుతూ వంగే ముద్ద ఒకటి దొరికింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా గడిచాక, 1949లో, అదే ఆక్రన్ నగరంలో నిక్ క్రీమ్ అనే వ్యక్తి మెత్తని ప్లాస్టిక్‌తో వానపాము ఆకారాన్ని పోతపోశాడు. ఇవాళ్టి సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలకు మూలపురుషుడుగా చెప్పుకునేది ఆ పామునే.

తయారీ విధానంలోనే మన్నిక రహస్యం సగం ఉంది. ప్లాస్టిసోల్ అంటే సన్నని పీవీసీ పొడి, ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో తేలుతూ ఉండే పాలలాంటి మిశ్రమం. దాన్ని సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే పొడి రేణువులు ఆ ద్రవాన్ని తాగి, ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తెల్లటి పాలు పారదర్శకంగా మారతాయి. అచ్చులో పోసి చల్లారిస్తే ఎర సిద్ధం. మెత్తని ఎర బరువులో సగానికి పైగా ఉండేది ఆ ద్రవమే. రసాయన శాస్త్రం ప్రకారం దాన్ని నూనె అనకూడదు గాని, వేళ్లకు అంటుకునే తీరు చూసి అందరూ పిలిచేది అలాగే. ఈ వ్యాసంలోనూ సౌలభ్యం కోసం ఆ మాటే వాడడం జరిగింది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది, ఈ నూనెకు పీవీసీతో రసాయన బంధం లేదు. పొడవాటి అణువులు అక్కడక్కడ ముడిపడి ఏర్పడిన వలలో అది ఊరికే నిలిచి ఉంటుంది. నిలిచి ఉన్నది కదలగలదు కూడా. ఎర మెత్తదనం, వాసన, రంగు మరొకదానికి అంటడం, డబ్బా కరగడం, ఏళ్ల తరబడి ఉంచితే గట్టిపడటం, ఇవన్నీ ఆ కదలిక చూపించే వేర్వేరు ముఖాలు.

వేడి చాలకపోతే రేణువులు పూర్తిగా కలవవు. అలాంటి ఎర పైకి బాగానే కనిపిస్తుంది, పట్టి లాగితే మాత్రం బిస్కెట్టులా తెగుతుంది. వేడి మితిమీరితే పీవీసీలోంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు విడిపోతూ ముద్ద పసుపు, తర్వాత గోధుమ రంగులోకి దిగుతుంది. అంటే కొన్న రోజునే కొన్ని ఎరల ఆయుష్షు తగ్గిపోయి ఉంటుంది. దానికి ఏ జాగ్రత్తా మందు కాదు.

చిరుగు మొదలయ్యేది ఎక్కడ

చేప కొరికి చింపేసింది అనడం అలవాటు. పాడైన ఎరలను ఒకచోట పోసి చూస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. చాలావాటికి గాయం ముక్కు దగ్గర, అంటే ముల్లుకు దారం కట్టే బెజ్జం దూరిన చోట ఉంటుంది. లేదంటే ముల్లు వంపు బయటికి వచ్చిన చోట. బాస్ లాంటి చేపలకు పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి, కోసేవి కావు. నిజంగా కోసే పళ్లున్నవి పైక్, కొరమీను లాంటివి. తోకను ముక్కలు ముక్కలుగా కొరుక్కుపోయే చిన్న చేపల సంగతి వేరు. వాటి ముందు ఏ పదార్థమూ ఎక్కువసేపు నిలవదు.

ముక్కు దగ్గరే చిరగడానికి కారణం బలం పంపిణీ. గాలం కర్రతో ఎరను విసిరినప్పుడు దారం ముల్లును ముందుకు లాగుతుంది, ఎర తన బరువుతో వెనకబడాలని చూస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న లాగుడంతా ఒక చిన్న రంధ్రపు అంచు మీద పడుతుంది. మెత్తని పదార్థంలో చిన్న గాటు ఉంటే, లాగిన బలం ఆ గాటు కొన దగ్గర పోగవుతుంది. గుడ్డకు కత్తెరతో కొంచెం గాటు పెట్టి చింపితే సర్రున పోవడం లాంటిదే ఇదీ. విసిరిన ప్రతిసారీ ఎర ముల్లు కాడ మీద వెంట్రుకవాసి కిందికి జారుతుంది, రంధ్రం కొంచెం సాగుతుంది. గడ్డీ నాచూ తగిలితే మరికొంచెం. చివరికి చేప వచ్చి పట్టేసరికి అప్పటికే సగం తెగిన ఎరను అది పూర్తిగా తెంపుతుంది. నింద చేప మీద పడుతుంది.

అందుకే మన్నిక పెంచే ఉపాయాల్లో బాగా పనిచేసేవన్నీ ఎరను గట్టిపరిచేవి కావు, జారకుండా ఆపేవి. టెక్సస్ రిగ్ అనే ముల్లు గుచ్చే పద్ధతిలో ముల్లు బెజ్జం ఎర ముక్కులో మునిగి ఉంటుంది. ఆ బెజ్జం గుండా అడ్డంగా మందమైన నైలాన్ దారపు ముక్కను గుచ్చి, రెండు వైపులా ఎర చర్మానికి సమంగా కత్తిరిస్తే ఎర కిందికి దిగలేదు. స్క్రూలాక్ ముళ్లు ఇదే పనిని తీగ చుట్టతో చేస్తాయి: చుట్టను ఎర ముక్కులోకి స్క్రూలా తిప్పితే, బలం ఒక్క రంధ్రం మీద కాకుండా తీగ పొడవునా పంచుకుపోతుంది. జిగ్ హెడ్‌ల (తల దగ్గర సీసం పోతపోసిన ముళ్ల) మెడ మీద సీసపు బొడిపెకన్నా సన్నని తీగ కొక్కెం మేలు అనడానికి కారణం కూడా ఉంది. లావు బొడిపె ఎరను లోపలి నుంచి చీల్చి తెరుస్తుంది, తీగ అంత చీల్చకుండానే పట్టుకుంటుంది.

వాకీ రిగ్ కథ అన్నిటికన్నా స్పష్టం. పొడవాటి కడ్డీలాంటి ఎరకు నడుమ ముల్లు గుచ్చి వేస్తారు. రెండు చివరలూ కొట్టుకోవడమే దాని ఆకర్షణ, అదే దాని చావు కూడా. ప్రతి కదలికకూ నడుములోని రంధ్రం కోస్తూ పోతుంది, ఒకటి రెండు చేపలకే ఎర రెండుగా తెగిపోతుంది. నడుముకు ఒక రబ్బరు రింగు తొడిగి ముల్లును ఎరలో కాక ఆ రింగు కింద దూరిస్తే లాగుడు ఎర చుట్టూ పంచుకుపోతుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. లాభం మాత్రం ఈ వ్యాసంలో వచ్చే మిగతా ఏ చిట్కాకన్నా ఎక్కువ. రింగు మరీ బిగుతుగా ఉంటే దానంతట అదే ఎరను కోస్తుందన్నది ఒక్కటే జాగ్రత్త. రింగు బదులు వేడికి ముడుచుకునే గొట్టపు ముక్క తొడిగేవాళ్లూ ఉన్నారు. దాన్ని ముడిచే వేడి ఎరకు తగలకుండా చూడటం కష్టం కాబట్టి సరిపోయే కొలతలో ఉన్నది ఎంచుకుని వేడి లేకుండానే తొడగడం మంచిది.

ఉప్పు వల్ల వచ్చేది, పోయేది

తేలిగ్గా తెగిపోయే ఎరల పేరు చెప్పమంటే చాలామంది ముందు చెప్పేది గ్యారీ యమమోటో కంపెనీ అమ్మే సెంకో అనే కడ్డీలాంటి ఎరను. చేపలు బాగా పడే ఎరల జాబితాలోనూ అదే పేరు ముందు వస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు. దాని నిండా ఉప్పు. ఉప్పు సాంద్రత నీటికి రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ, కాబట్టి సీసం కట్టకుండానే ఎర నెమ్మదిగా వణుకుతూ కిందికి దిగుతుంది. నోట్లో పడ్డాక చేప దాన్ని వెంటనే ఉమ్మేయకుండా ఉంచుకుంటుందన్న నమ్మకం కూడా ఉప్పు వాడకానికి ఒక కారణం.

అయితే ఉప్పు రేణువు పీవీసీకి అంటుకోదు. పదార్థంలో అది ఒక గులకరాయి. లాగినప్పుడు దాని చుట్టూ చిన్న ఖాళీ తెరుచుకుంటుంది. అలాంటి ఖాళీలు వరుసగా కలిస్తే అదే చిరుగు. నీళ్లలో ఉన్నకొద్దీ పై పొరలోని ఉప్పు కరిగిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. అవి నీటిని పీల్చుకుంటాయి. రంగు పాలిపోయినట్టు, తెల్లటి పొర కమ్మినట్టు కనిపిస్తుంది. ఆరాక ఆ తెలుపు చాలావరకు పోతుంది గాని పోయిన ఉప్పు తిరిగి రాదు, ఎర బరువు తగ్గి దిగే వేగం మారుతుంది. వాడిన ఉప్పు ఎరను జాగ్రత్తగా దాచుకున్నా రెండోసారి అది మొదటిసారిలా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

అందువల్ల ఉప్పు ఎర ఎక్కువ రోజులు నిలవాలని కోరుకోవడం ఒక మేరకు పరస్పర విరుద్ధమైన కోరిక. మెత్తదనం, ఉప్పు, కదలిక పెంచినకొద్దీ మన్నిక తగ్గుతుంది. కంపెనీ గట్టిగా చేయలేక కాదు. గట్టిగా చేస్తే అది వేరే ఎర అవుతుంది. ఇక్కడ చేయగలిగింది పొదుపు. ముక్కు చిరిగితే ఆ సెంటీమీటరు కోసేసి మళ్లీ గుచ్చవచ్చు, రెండు చివరలూ దాదాపు ఒకేలా ఉన్న ఎరను తిప్పి రెండో వైపు వాడవచ్చు, నడుము తెగితే మిగిలిన సగాన్ని చిన్న జిగ్ హెడ్‌కు తొడగవచ్చు. ఈ చివరిది కక్కుర్తి అనుకోనక్కర్లేదు. అమెరికాలోని కాన్సస్‌కు చెందిన నెడ్ కేడీ పేరుతో ప్రసిద్ధమైన నెడ్ రిగ్‌లో పొడవాటి ఎరను సగానికి కోసి వాడటం ఆదినుంచీ ఉన్న పద్ధతే.

సాగే ఎరలు: బలం ఎక్కువ, మడి ఎక్కువ

టీపీఈ ఎరలు వేరే జాతి. జడ్‌మ్యాన్ కంపెనీ ఇలాజ్‌టెక్ అన్న పేరుతో అమ్మేవి వీటిలో బాగా తెలిసినవి. రెండు వేళ్లతో పట్టి లాగితే ఎన్నో రెట్లు సాగి, వదిలితే యథాస్థితికి వస్తాయి. ఈ తరహా పదార్థాల్లో అణువు మధ్యభాగం రబ్బరులా మెత్తగా, రెండు కొసలు పాలీస్టైరీన్‌లా గట్టిగా ఉంటాయి. గట్టి కొసలు గుంపులు గుంపులుగా చేరి ముడులుగా పనిచేస్తాయి, మెత్తని భాగంలో ఖనిజ నూనె నిండి ఉంటుంది. ముడులు బలంగా ఉండటం వల్ల ముల్లు చేసిన గాటు అక్కడే ఆగిపోతుంది, చిరుగుగా సాగదు. పదార్థం నీటికన్నా తేలిక కాబట్టి నీటి అడుగున తోక పైకి లేచి నిలబడుతుంది. నెడ్ రిగ్‌లో ఇవి అంతగా కుదిరిపోవడానికి మన్నిక ఒక్కటే కారణం కాదన్నమాట. ఉప్పు, బరువు కోరేచోట మాత్రం ఇవి పీవీసీకి బదులు కాలేవు.

బలానికి వెల ఉంది. ఈ ఎరలను ముల్లుకు ఎక్కించడం కష్టం; పట్టి పట్టి జారుతుంది, మధ్యగా పోవాల్సింది పక్కకు పోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పీవీసీ ఎరల పొరుగు వీటికి పడదు. రెండిటినీ ఒకే సంచిలో ఉంచితే కొన్నాళ్లకు జిగురు ముద్ద మిగులుతుంది. కారణం పైన చెప్పిన ముడులే. పీవీసీలోని ప్లాస్టిసైజర్‌కు పాలీస్టైరీన్‌ను కరిగించే గుణం ఉంది. అది పక్కనున్న టీపీఈలోకి పాకగానే గట్టి కొసలు మెత్తబడి ముడులు విడిపోతాయి. రెండు ఎరలూ దేనికది మంచివే. కలిపి ఉంచడమే తప్పు.

పాత ప్లాస్టిక్ టాకిల్ (గాలం సామాను) డబ్బాల అడుగు కరగడానికీ సరిగ్గా ఇదే కారణం. గాజులా మెరిసే పారదర్శక డబ్బాల్లో కొన్ని పాలీస్టైరీన్‌తో చేసినవి. వాటిలో పీవీసీ ఎరలను విడిగా పడేస్తే తాకిన చోటల్లా గుంట పడుతుంది. పాలీప్రొపిలీన్, పాలిథిన్ డబ్బాలు ఈ ద్రవాన్ని దాదాపు పట్టించుకోవు. ఎరలు నిల్వ చేయడానికి పనికొస్తుందని ప్రత్యేకంగా రాసి అమ్మే డబ్బాలు అలాంటివే. ముట్టుకుంటే కాస్త మైనంలా, కాస్త మసకగా ఉండటం వాటికి తేలికైన గుర్తు. గట్టి ఎరల మీది పెయింటు, జిగ్ హెడ్‌ల మీది రంగు కూడా ఈ ద్రవానికి మెత్తబడతాయి. జిగ్ హెడ్‌కు తొడిగిన ఎరను సీజను మొత్తం అలాగే వదిలేస్తే రంగు ఎరకు అంటుకుని ఊడివస్తుంది.

సంచిలో జరిగేవి

రంగులు కలవడం మెత్తని ఎరల్లో అందరికీ తెలిసిన బాధ. నల్ల ఎర పక్కన తెల్ల ఎర ఉంచితే వారంలో బూడిదరంగు తేలుతుంది. ప్లాస్టిసైజర్‌లో కరిగే రంగు ఆ ద్రవంతో పాటే ఒక ఎరనుంచి మరోదానికి ప్రయాణిస్తుంది. మెరిసే గులాబీ, పసుపు, ఆకుపచ్చ లాంటి రంగులకు ఈ గుణం మరీ ఎక్కువ. కరగని పొడి రంగు అంతగా కదలదు. ఇలా పోయిన రంగును వెనక్కి తెచ్చే ఉపాయం లేదు. రంగును బట్టి, కంపెనీని బట్టి వేరుగా ఉంచడం తప్ప. దీన్నిబట్టి అత్యంత చవకైన, అత్యంత మంచి నిల్వ సాధనం ఎర వచ్చిన అసలు సంచే. దానిలోని ప్లాస్టిక్ అచ్చు గుంట కూడా పారేయకూడదు, ఎర ఆకారాన్ని నిలిపేది అదే.

సంచిలో తిరిగి వేసే ముందు ఆరబెట్టడం రెండో నియమం. తడి ఎర సంచిలోని మిగతావాటి ఉప్పునూ కరిగిస్తుంది. ముల్లుతో సహా వేస్తే తుప్పు మరక పడుతుంది. వాసన కోసం సహజ పదార్థాలు కలిపిన ఎరలకు బూజు కూడా పట్టవచ్చు. ఆరబెట్టడం అంటే ఎండలో పెట్టడం కాదు. అతినీలలోహిత కిరణాలు, వేడి కలిసి పీవీసీని నెమ్మదిగా విడగొడతాయి, తయారీలో వేడి ఎక్కువైనప్పుడు వచ్చే పసుపే ఇక్కడ నెలల మీద వస్తుంది. మూసిన కారులో అద్దం దగ్గర వదిలిన సంచిలో జరిగేది అంతకన్నా వేగం: నూనె చెమటలా బయటికి కారుతుంది, ఎరలు ఒకదానికొకటి అంటుకుని నొక్కుకున్న ఆకారంలోనే బిగుసుకుపోతాయి.

ఎండిపోతున్న ఎరలకు నూనె పోసి బతికించవచ్చన్న మాటను కొంచెం తూచి చూడాలి. ఖనిజ నూనె పీవీసీలోకి పెద్దగా ఇంకదు. పైపూతగా ఉండి, ఎరలు అంటుకోకుండా, ముల్లుకు జారేలా చేస్తుంది. అది నిజమైన ఉపయోగమే. లోపల పోయిన ప్లాస్టిసైజర్‌ను మాత్రం అది తిరిగి నింపదు. ఎర తయారైననాటి ద్రవం లాంటిదే పోస్తే ఇంకుతుంది, మోతాదు మించితే ఎర ఉబ్బి ముద్దవుతుంది. చిరిగే గుణం తగ్గకపోగా పెరుగుతుంది.

వంకర తోక, వేడినీళ్లు

నొక్కుకుపోయిన తోక నీటిలో కొట్టుకోదు, గిరగిరా తిరుగుతుంది. దారం మెలిపడుతుంది. ఎర చిరగకపోయినా పనికిరాకుండా పోయినట్టే. పీవీసీ వలలో అణువులు ముడిపడిన చోట్లు కొన్ని బలహీనమైనవి. ఎక్కువకాలం వంగి ఉంటే అవి విడిపోయి ఆ వంగిన స్థితిలో మళ్లీ ముడిపడతాయి. వంకర గుర్తుండిపోవడం అంటే ఇదే. వేడి ఆ ముడులను మళ్లీ వదులు చేస్తుంది. మరిగి దించిన నీటిలో ఎరను అర నిమిషం అటూ ఇటుగా ముంచి, తీసి, సమంగా ఉన్న పళ్లెం మీద చక్కగా పరచి, లేదా తోక పట్టి వేలాడదీసి, చల్లటి నీటిలో ముంచితే కొత్త ఆకారం నిలుస్తుంది. చల్లార్చే సమయంలో ఎర ఎలా ఉంటే అలాగే ఉండిపోతుంది కాబట్టి వేడికన్నా చల్లార్చడంలోనే పనితనం ఉంది.

ఇదే చికిత్స ఉప్పు ఎరకు చేస్తే పైపొర ఉప్పు కొంత పోతుంది, నష్టం స్వల్పం. టీపీఈకి అంత తేలిగ్గా లొంగదు, దాని ముడులను కదిలించాలంటే పాలీస్టైరీన్ మెత్తబడే 100 డిగ్రీల దరిదాపుల వేడి కావాలి. నీటి ఆధారిత ఎరను మరిగే నీళ్లలో వేయడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

ఆ నీటి ఎరల మాట ఇక్కడే చెప్పుకోవాలి. బర్క్‌లీ కంపెనీ గల్ప్ అన్న పేరుతో తెచ్చినవి వీటిలో ప్రసిద్ధం. వీటిని మెత్తగా ఉంచేది నూనె కాదు, నీరు. వాసన రుచి నీటిలోకి తేలిగ్గా విడుదల కావడం వీటి బలం. గాలి తగిలితే ఆ నీరు ఆవిరై ఎర ముడుచుకుని రాయిలా అవుతుంది. ముల్లు మీద మర్చిపోతే కత్తితో చెక్కి తీయాల్సిందే. మన్నిక సూత్రాలు తలకిందులవుతాయి: పీవీసీని ఆరబెట్టి దాచాలి, దీన్ని దాని ద్రవంలోనే తడిగా దాచాలి.

అతుకులు

చిరిగిన పీవీసీ ఎరను మళ్లీ కలిపే దారులు మూడు. మొదటిది వేడి. సన్నని లోహపు రేకును వేడిచేసి చిరుగు రెండు ముఖాలకూ తాకించి, అవి కరిగీ కరగకముందే నొక్కి పడితే ఒకే పదార్థంగా అతుక్కుంటాయి. అతుకు మిగతా ఒళ్లంత మెత్తగానే ఉంటుంది, కాబట్టి అన్నిటిలో ఇదే మేలు. నేరుగా మంట చూపితే మసి పట్టి మాడుతుంది. పైకి లేచే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, గాలి ఆడే చోట తప్ప చేయకూడని పని. ఉప్పు ఎక్కువున్న ఎర ముఖాల మధ్య రేణువులు అడ్డుపడి ఈ అతుకు సరిగా పట్టదు.

రెండోది ద్రావకంతో చేసిన జిగుళ్లు, మెత్తని ఎరల కోసమే అమ్మేవి. ఇవి పైపొరను కరిగించి కలుపుతాయి, ఆరడానికి సమయం పడుతుంది. ఇంటి దగ్గర కూర్చుని ఎరలు బాగుచేసుకునేవాళ్లకు తగినవి.

మూడోది సూపర్ గ్లూ. క్షణాల్లో పట్టడం దాని గొప్ప. గట్టిపడ్డాక వంగకపోవడం దాని లోపం. మెత్తని ఒంటిలో ఒక గట్టి మచ్చ ఏర్పడితే, వంగినప్పుడు బలమంతా ఆ మచ్చ అంచున పోగవుతుంది. అతుకు పక్కనే మళ్లీ తెగిందన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే. పైగా ఎరలోని ప్లాస్టిసైజర్ నెమ్మదిగా జిగురు పొరలోకి పాకి పట్టు సడలిస్తుంది. కాబట్టి నడుము చిరుగుకు సూపర్ గ్లూ ఆ పూటకు పనికొచ్చే మందు. అదే జిగురును జిగ్ హెడ్ మెడకు, ఎర ముక్కుకు మధ్య ఒక చుక్క వేస్తే కథ వేరు. అక్కడ ఎర వంగనక్కర్లేదు, గట్టి మచ్చ ఉండటమే కావాలి. చిరిగాక అతికించడానికి కొనే సీసా, చిరగకముందు వాడితే ఎక్కువ పని చేస్తుంది. టీపీఈ ఒంటి మీది నూనె తుడవకుండా వేస్తే మాత్రం పొరలా ఊడివస్తుంది.

ముల్లు నుంచి జారిన ఎర ఎక్కడికి పోతుంది

మన్నిక ప్రశ్న జేబుతో మొదలైనా అక్కడే ఆగలేదు. 2009లో ప్రచురితమైన ఒక ప్రయోగశాల అధ్యయనంలో బ్రూక్ ట్రౌట్ చేపలు నీటిలో వదిలిన మెత్తని ఎరలను తమంతట తామే మింగాయి, తిన్న చేపల ఎదుగుదల దెబ్బతింది. 2013లో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర శాసనసభ ముందుకు రబ్బరు ఎరల వాడకాన్ని నిషేధించాలన్న బిల్లు వచ్చింది. నిషేధం రాలేదు గాని, రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి విభాగం ఈ విషయాన్ని అధ్యయనం చేయాల్సి వచ్చింది. కెనడా పరిశోధకులు మెత్తని ఎరలను రెండేళ్లు నీటిలో ఉంచి చూస్తే అవి కరగలేదు, విడిపోలేదు, ఉబ్బాయి. ఉబ్బిన ముక్క చేప కడుపులోంచి బయటికి పోవడం మరింత కష్టం.

ప్లాస్టిసైజర్ల మీద ఆందోళన వేరే దారిలో వచ్చింది. పిల్లల బొమ్మల్లో థాలేట్లు అనే రకం ప్లాస్టిసైజర్లలో కొన్నిటి మోతాదు 0.1 శాతం మించరాదని అమెరికా 2008 చట్టంలో పెట్టింది. ఎరలు బొమ్మలు కావు కాబట్టి ఆ చట్టం వాటికి నేరుగా తగలదు. అయినా థాలేట్లు లేని ప్లాస్టిసోల్ వాడుతున్నామని చెప్పుకునే తయారీదారులు ఉన్నారు.

చిరిగిన పీవీసీ ఎరలను పోగుచేసి, మళ్లీ కరిగించి, పోతపోసుకునేవాళ్లున్నారు. పదార్థం అందుకు ఒప్పుకుంటుంది, కొన్నిసార్ల వరకే. వేడి చేసిన ప్రతిసారీ అందులో కలిపిన స్థిరీకరణ రసాయనం కొంత ఖర్చయిపోతుంది, పసుపు రంగు ముందుకొస్తుంది, అందుకే ఇలా చేసినవి ఎక్కువగా నలుపు, ముదురు గోధుమ రంగుల్లో కనిపిస్తాయి. ఎర లోపల మిగిలిన ఒక్క నీటిచుక్క 175 డిగ్రీల ద్రవంలో ఆవిరై చిమ్మితే చేయి కాలుతుంది. ఆ గిన్నెలో ఒక్క టీపీఈ ఎర పడినా ముద్ద కలవదు, మొత్తం పోత దండగ. అందుకే పాత ఎరలు వేసుకునే డబ్బా దగ్గర కూడా మొదటి పని పట్టి లాగి చూడటమే: బాగా సాగి వెనక్కి వచ్చేది ఒక పక్కకు, తెగేది ఇంకో పక్కకు.